తండా గుంతకు చెరువు హోదా

భూపాలపల్లి,
జూలై 9.

దాదాకు మనుమరాలు నవ్య దండాలు.

ఫోన్‌లో చెప్పిన మాట గాలికి పోతుంది, ఉత్తరమైతే సంచిలో ఉంటుంది అన్నావు కదా, అందుకే రాస్తున్నాను. పోస్టాఫీసు సుజాతక్క నీకు చదివి వినిపిస్తుందని తెలుసు. అక్కా, నీకూ దండాలు.

నాకు ఉద్యోగం దొరికింది. ఇక్కడ జిరాక్స్ దుకాణం పైగదిలో ఇంతియాజ్ అన్న ఫోన్లలో చూసే వార్తల పేజీ నడుపుతున్నాడు. అందులో వార్తలు రాసేది నేనే. తండా దారిలో గుంత నిండినప్పుడల్లా నువ్వు నన్ను భుజాల మీద దాటించి బడికి పంపావు. లేకపోతే ఇది నాకు దొరికేది కాదు.

చెల్లి మోతీ బడికి పోతుందా? ఆ గుంత ఇంకా అలాగే ఉందా?

నీ వల్ల అక్షరాలు నేర్చిన
నవ్య

తా.క.: నా వార్తలు నువ్వు చూడకపోయినా ఏమీ అనుకోను.

తండా, దేవరుప్పుల మండలం,
జూలై 15.

బిడ్డ నవ్యకు చాంద్యా దీవెనలు. నేను చెప్తున్న, సుజాత రాస్తున్నది.

మోతీ బడికి పోక వారమాయె. హరిలాల్ ఆటో గుంతల ఒరిగింది. ఇగ తండాకు రానంటున్నడు. మీ బాపేమో బడి బందువెట్టి పత్తిచేన్ల కలుపుకు పొమ్మంటున్నడు. రోడ్ల ఆఫీసుకు ఆరేండ్ల సంది తిరుగుతున్న. మా రిజిస్టర్ల గక్కడ రోడ్డే లేదు, లేని రోడ్డుకు గుంత ఎక్కడిది అంటరు.

గిట్ల పరేషాన్‌ల ఉంటే హరిలాల్ ఫోన్‌ల నీ వార్త చదివి వినిపిచ్చిండు. తండా గుంతకు చెరువు హోదా అట. సోమవారం చేపపిల్లలు వదులుతరట. ఇంటికో వల అట. కింద నీ పేరుంది. నువ్వు రాసినంక తప్పయితదా? సోమవారం జనగామ చేపల ఆఫీసుకు పోతున్న.

నీ దాదా వేలిముద్ర

తా.క.: ఇది సుజాత. ఆపితే ఆగలేదు. చేపలు వేసుకోవడానికి తన బుట్ట చాలదని నా బుట్ట కూడా పట్టుకుపోయాడు.

భూపాలపల్లి,
జూలై 20.

దాదా, నీ కాళ్లకు మొక్కి ఒక నిజం చెబుతున్నాను.

నీ ఉత్తరం అందగానే పోస్టాఫీసుకు ఫోన్ చేశాను. అప్పటికే బస్సెక్కావని సుజాతక్క చెప్పింది. మా పేజీ పేరు 'ఉల్టా ఖబర్'. మేము జరగనివి జరిగినట్టు రాస్తాం. జనం నవ్వుతారు, నవ్వాక జరగాల్సింది ఏమిటో ఆలోచిస్తారని మా ఆశ. ఇలాంటి పేజీలు ఇప్పుడు ఫోన్ల నిండా ఉన్నాయి. మన గుంత గురించి ఉన్నది ఉన్నట్టు రాస్తే పదకొండు మంది చదివారు. చెరువు అని రాస్తే నలభై వేల మంది చదివారు.

నలభై వేల మంది నవ్వారు, నువ్వొక్కడివే నమ్మావు. నిన్ను మోసి చదివించింది అబద్ధాలు రాయడానికా అంటావని భయపడి దాచాను. నువ్వు వద్దంటే ఈ ఉద్యోగం మానేస్తాను.

తలవంచుకొని,
నవ్య

తా.క.: ఇంటికో వల అని నేను రాయలేదు. అది ఇంతియాజ్ అన్న కలిపాడు.

తండా,
జూలై 26.

బిడ్డకు దాదా దీవెనలు.

చేపల ఆఫీసుల సారు కొత్తోడు, మహబూబాబాద్ నుంచి బదిలీ అయి వచ్చిండు. మంచోడే. కుర్చీ ఏసి, గిది తమాషా వార్త తాతా అన్నడు. "గుంత తమాషనా, చేపలు తమాషనా సారూ? గుంతనైతే నేను రోజు చూస్తున్న" అన్న.

చెరువు అవునో కాదో కొలిచి కాయితం మీద రాసియ్యమని అర్జీ పెట్టిన. మూడు రోజులు రెండు బుట్టలు ముందల పెట్టుకొని మెట్ల మీద కూసున్న. బేస్తవారం టేపు పట్టుకొని వస్తరట.

దాదా వేలిముద్ర

తా.క.: ఇది సుజాత. ఉద్యోగం మానేస్తానన్న ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. లేచి వెళ్లి బుట్టలు కడిగాడు.

భూపాలపల్లి,
జూలై 31.

దాదా, దండాలు.

సారును లేని చెరువు దగ్గరికి రప్పించావు. కేసు పెడతారని భయపడి ఇంతియాజ్ అన్న ఆ వార్త తీసేశాడు. నా తప్పుకు నువ్వు మాట పడొద్దు. క్షమాపణ రాసి ఉంచాను. ఆదివారం వచ్చి సారు ఇంటికే వెళ్లి ఇస్తాను.

భయంతో,
నవ్య

తా.క.: రెండు పేజీలు వచ్చింది. ఒక్క నవ్వు కూడా లేదు, నువ్వు చదవొచ్చు.

తండా,
ఆగస్టు 12.

బిడ్డ నవ్యకు దాదా దీవెనలు.

ఆదివారం నువ్వు వచ్చినప్పుడు సారు కాయితం ఇంక చేతికి రాలే, అందుకే అసలు సంగతి చెప్పలే. నువ్వు క్షమాపణ ఇస్తే సారు నవ్వి జేబుల పెట్టుకున్నడు కద, మంచోడని చెప్పలేదా?

నువ్వు రాకముందే, బేస్తవారం ఆయన జీపు గుంతల దిగవడ్డది. తండా అంత కలిసి గుంజినం. కొలిచి, మొన్న ముద్రేసి రాసిచ్చిండు: "ఇది చెరువు కాదు. తండాకు పోయే రోడ్డు. రోడ్డు మీద గుంత ఉన్నది."

నాకు కావాల్సింది గదే బిడ్డా. ఆ కాయితం రోడ్ల ఆఫీసుల పెట్టి, సర్కారే రోడ్డన్నది, ఇగ లేదనుండ్రి అన్న. నిన్న గుంత పూడ్చనీకి మొరం ట్రాక్టర్లు వచ్చినయ్. ఇయ్యాల మోతీ ఆటోల బడికి పోయింది. మీ బాపే ఎక్కిచ్చిండు.

నేను నమ్మిన అనుకుంటివా? అడగకముందే సర్కారు ఇంటికో వల ఇస్తదంటే నమ్మే మనిషినా? హరిలాల్ చదువుతుంటే కడుపు పట్టుకొని నవ్విన. ఆరేండ్లు నిజం చెప్పుకుంట తిరిగితే ఒక్కడు కుర్చీల నుంచి లేవలే. నువ్వు నవ్విస్తే జీపెక్కి వచ్చిండు. నౌకరి మానకు. నిన్ను మోసిన భుజాలు ఇయ్యాల తేలికైనయ్.

దాదా వేలిముద్ర

తా.క.: ఇది సుజాత. నా బుట్ట వాపసు వచ్చింది. అందులో రెండు చేపలున్నాయి, జీపు గుంజినందుకు సారు పంపాడట. వల మాత్రం ఇంకా రాలేదు.