నీళ్ల గండం

అవ్వా, నేను క్షేమమే, కోప్పడకుండా విను. ఓడల్లో దేశాలు చూడ్డానికి వచ్చినవాళ్లను మస్కట్ నుంచి వాగుకు తీసుకుపోయి, గాలి ట్యూబుల మీద తేలించి, సముద్రపొడ్డు చూపించి తేవడమే నా డ్యూటీ. నాకు నీళ్ల గండమని నువ్వు గోదాట్లో కాలు పెట్టనియ్యలేదు కదా, అందుకే ఇన్నాళ్లూ చెప్పలేదు.

నిన్న నీ వయసు ముసలమ్మ ట్యూబెక్కి, భయంతో నా చెయ్యి వదల్లేదు. నడుంలోతు నీళ్లలో ఆమె వెంటే నడిచాను. ఒడ్డుకొచ్చాక నా తాయెత్తు చూసి, ఎవరు కట్టారని సైగ చేసింది. “మా అవ్వ” అన్నాను. ఏం తెలిసిందో, నా తల నిమిరి, ఇప్పుడు నీకు రాస్తున్న ఈ బొమ్మ కార్డు ఇచ్చింది.

బర్రె ఈనిందా? నా కోసం పట్టిన శనివారం ఉపవాసాలు ఇక చాలించు. వచ్చే సెలవులో నిన్నూ గోదాట్లో ట్యూబు మీద తిప్పుతాను. చెయ్యి వదలను.

నీ కాళ్లకు దండం,
రాజలింగు