ఆదివారం నాలుగింటి ఫోన్

జనవరి 10, ఆదివారం

నాలుగు కావస్తోంది. ఆంటీ ముఖం కడుక్కుంది, తల దువ్వుకుంది, పౌడరు అద్దుకుంది, ఫోన్ పక్కన కూర్చుంది. అవతల మాట్లాడబోయేది కన్నకూతురు, అదీ ఇటలీ నుంచి. ఈ పౌడరు ఎవరికి కనబడుతుందట!

మోగింది.

"ఏటే రాజీ, మకాన్ అయిందేటి?"

ప్రతి ఆదివారం మొదటి మాట ఇదే. తిండిని మకాన్ అనడం ఇక్కడి మలాయ్ వాళ్ళ దగ్గర పట్టింది. ఆంటీ తాతగారు ఎప్పుడో విశాఖ రేవులో ఓడెక్కి ఈ దేశం వచ్చారు. అప్పటి తెలుగు అలాగే ఉంది, మధ్యమధ్య మలాయ్, తమిళం తగిలించుకుని.

ఈ బెడోక్ ఫ్లాట్‌లో గది కోసం నాకంటే ముందు ఇద్దరు సాఫ్ట్‌వేర్ అబ్బాయిలు వచ్చారట. వాళ్ళని పంపేసి నన్ను పెట్టుకుంది. "రాజీ అత్తోరి బాస నేర్సుకుంటన్నావా? అయితే నువ్వే ఉండిపోమ్మా."

జనవరి 13, బుధవారం

హైదరాబాద్ నుంచి అన్నయ్య. "ఊరంతా జావా నేర్చుకుంటుంటే నీకు ఇటాలియన్ ఏంటే?" నగల డిజైన్ కోర్సు, చివరి టర్మ్ ఇటలీలో, భాష రానివాళ్ళని పంపరు... ఎన్నిసార్లు చెప్పాలి? అందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సామెత ఒకటి విసిరాడు. సరే, ఉలిపికట్టెనే.

నాన్న ఉంటే నా వైపు మాట్లాడేవాడు. కంసాలి కూతురికి జావా ఎందుకురా అనేవాడు.

జనవరి 16, శనివారం

ఇటాలియన్ క్లాసంతా ఉబిన్ దీవికి. టీచర్ లూచియా షరతు ఒక్కటే — చాంగి రేవులో బోటెక్కింది మొదలు తిరిగి దిగేదాకా ఇటాలియన్ తప్ప ఇంకో మాట వద్దు. తప్పితే పాట పాడాలి. మెయ్ లింగ్ సైకిల్ మీద నుంచి పడి "అయ్యో!" అంది. చైనా పిల్ల, అచ్చం మన అయ్యో! పాడించారు పాపం, మోకాలు గీరుకుపోయి ఉండగానే.

రోజంతా నేను మాట్లాడిందేమిటి? ఎండగా ఉంది. ఈ చెట్టు పెద్దది. నాకు ఆకలి వేస్తోంది. మూడేళ్ళ పిల్ల మాటలు. అయినా హాయిగా ఉంది... ఆ భాషలో ఇంకా నాకెవరూ పోలేదు.

జనవరి 24, ఆదివారం

రాజీ ఇవాళ నన్ను పిలిచి మాట్లాడింది. నేను ఏప్రిల్‌లో వచ్చేటప్పుడు వాళ్ళమ్మ చేతి ఆవకాయ తెమ్మంది. "ఈ ఊళ్ళో అన్నీ ఉన్నాయి, కారమే లేదు." నవ్వింది కానీ గొంతులో సత్తువ లేదు. కడుపులో నొప్పట, పరీక్షలు చేస్తున్నారట. "మా అమ్మకు చెప్పకు."

చెప్పలేదు.

ఫిబ్రవరి 7, ఆదివారం

ఆవకాయ తయారు. సీసా మూతికి గుడ్డ, గుడ్డ మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద రబ్బరు బ్యాండ్లు, మళ్ళీ కవరు. విమానం వాళ్ళకే కాదు, చీమకు కూడా దారి లేదు. అల్మారా పైన పెట్టింది. "ముట్టకమ్మా, అది రాజీది."

ఫిబ్రవరి 14, ఆదివారం

నాలుగైంది. నాలుగున్నర. ఆంటీ రిసీవర్ ఎత్తి చూసి పెట్టింది, లైను ఉందో లేదో అని.

ఐదింటికి మోగింది. రాజీ కాదు, రాజీ అత్తగారు. ఆవిడకు ఇటాలియన్ తప్ప రాదు. ఇంగ్లీషు ముక్కలొచ్చిన అల్లుడు ఓడ ఇంజనీరు, ఇప్పుడు ఎక్కడో నడిసముద్రంలో. ఆంటీ బెదిరిపోయి రిసీవర్ నా చేతిలో పెట్టింది.

మెల్లగా చెప్పండి అని బతిమాలుకున్నాను. ఆస్పత్రి అంది. కడుపులో గడ్డ అంది. నిన్న ఆపరేషన్ అయిందట. క్లాసులో టమాటాలు కొనడం నేర్పారు గానీ ఇది నేర్పలేదు.

ఆంటీకి అంతా చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. నాన్న విషయంలో నాకు జరిగింది నేను ఇంకొకరికి చెయ్యను.

ఫిబ్రవరి 15, సోమవారం

పడుకుంటే అదే. పోయిన ఏడు అన్నయ్య ఫోన్ — "నాన్నకు సీరియస్‌గా ఉంది, బయల్దేరు." సెరంగూన్ రోడ్డుకు పరిగెత్తి బీపీ మిషన్ కొన్నాను. ఇంట్లోనే చూసుకోవచ్చు కదా అని. మద్రాసు దాకా విమానం, అక్కడి నుంచి రాజమండ్రి రైలు. మిషన్ ఒళ్ళోనే. దారి పొడుగునా మొక్కులు. వీధి మలుపు తిరగగానే మా గుమ్మం ముందు చెప్పులు... అన్నేసి చెప్పులు. అప్పుడు తెలిసింది.

అన్నయ్య ఫోన్ చేసేసరికే నాన్న లేడు. "దారిలో తట్టుకోలేవని" అన్నారు. మనవాళ్ళంతా ఇంతే. పోయారని చెప్పరు, సీరియస్ అంటారు. తినేముందు చెప్పరు, ప్రయాణంలో చెప్పరు. లేని మనిషి కోసం నాచేత అన్ని మొక్కులు మొక్కించారు. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

ఫిబ్రవరి 16, మంగళవారం

చైనా వాళ్ళ కొత్త సంవత్సరం. బ్లాక్ కింద సింహం ఆట, డప్పులు. ఎదురింటివాళ్ళు కమలాపళ్ళు ఇచ్చారు. ఆంటీ రెండు చేతులతో తీసుకుని నవ్వింది, తలుపు వేశాక కూలబడింది.

ఫిబ్రవరి 21, ఆదివారం

రాజీయే మాట్లాడింది! ఆస్పత్రి మంచం మీద నుంచి.

"మకాన్ అయిందేటే?"

"అయిందమ్మా, సూపు తాగాను."

"సూపు మకానేటే!"

అవతల నవ్వు వినబడింది నాక్కూడా. ఆంటీ ఫోన్‌లో ఏడవలేదు. తర్వాత వంటింట్లో చింతపండు పిసుకుతూ ఏడ్చింది. చెయ్యి పట్టుకుందామంటే చింతపండు చెయ్యి. భుజం పట్టుకున్నాను.

ఫిబ్రవరి 28, ఆదివారం

మళ్ళీ అత్తగారే. రాజీ నిద్రపోతోందట. ఆంటీ నాచేత అడిగించిన మొదటి ప్రశ్న — దాని జుట్టు ఎవరు దువ్వుతున్నారు? జుట్టు అన్న మాట నాకు తట్టలేదు. తల మీద ఉండేది అని తంటాలు పడి అడిగాను.

"నేనే," అంది ఆవిడ. "రోజూ. మెల్లగా."

ఆంటీకి చెప్పాను. కళ్ళు తుడుచుకుని, "మంచావిడ" అంది. ఇన్నాళ్ళలో అత్తగారి గురించి ఒక్క మంచి మాట విన్లేదు నేను. పిల్లని ఎత్తుకుపోయిన కొడుకుని కన్నదని కోపం.

మార్చి 3, బుధవారం

ఆంటీ అప్పుడే కంచం ముందు కూర్చుంది. పప్పుచారు, చేప వేపుడు. ఫోన్. బుధవారం ఫోన్ ఏమిటి? నేనే ఎత్తాను.

అత్తగారు తిన్నగా చెప్పేసింది. చనిపోయింది. ఇటాలియన్‌లో రెండే మాటలు, చిన్న మాటలు, ఎప్పుడో మొదటి పాఠాల్లో నేర్చుకున్నవి. ఈసారి మెల్లగా చెప్పమని అడగాల్సిన పని లేకపోయింది. తెల్లవారుజామున అంది. శుక్రవారం చర్చిలో అంత్యక్రియలంది. కొడుకు ఓడ దిగి వస్తున్నాడంది. తర్వాత గొల్లుమంది.

ఆంటీ ముద్ద చేత్తో పట్టుకుని నన్నే చూస్తోంది. "ఏటంటమ్మా?"

"కొంచెం సీరియస్‌గా ఉందట ఆంటీ. మీరు తినండి."

తినండి అన్నాను. నేను. నా నోటితో.

ఆంటీ ఆ ముద్ద నోట్లో పెట్టుకుంది. ఇంకేమీ అడక్కుండా, తల వంచుకుని, కంచం ఖాళీ చేసింది. నేను గదిలోకొచ్చి తలుపేసుకున్నాను. అన్నయ్యను తిట్టిన తిట్లన్నీ నాకే తగిలాయి.

మార్చి 4, గురువారం

వంటింటి కిటికీ బయట వెదురు గడ మీద ఒకే ఒక్క చీర. నిన్న సాయంత్రం ఆంటీ కట్టుకున్న నీలం చీర. నీళ్ళు కారుతున్నాయి. మడత పెట్టిన ఆనవాలు లేదు, కట్టుకున్నట్టే తడిసింది.

చావు కబురు వింటే కట్టుబట్టలతో తలమీద నీళ్ళు పోసుకోవడం మన పద్ధతి.

ఆంటీ జుట్టు విరబోసి ఉంది. తడి. "తలనొప్పమ్మా, అందుకే తలకి పోసుకున్నాను." దేవుడి దగ్గర దీపం లేదు. ఈ ఇంట్లో దీపం లేని పొద్దు నేను చూడలేదు.

తెలుసా? ఎలా తెలుస్తుంది? నేను చెప్పలేదు... కానీ ఆ ఏడుపు రిసీవర్ దాటి వినబడే ఉంటుంది. ఏడుపుకు నా తర్జుమా ఎందుకు?

తెలిసి ఉంటే మరి ఆ అన్నం ఎలా తింది? నేను తినమన్నానని తిందా?

మార్చి 5, శుక్రవారం

ఇవాళ అక్కడ చర్చి. ఇవాళైనా చెప్పాలి. వంటింటి గుమ్మం దాకా వెళ్ళాను, మంచినీళ్ళు తాగి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ మంచినీళ్ళే.

మధ్యాహ్నం ఆంటీ నా కంచంలో ఆవకాయ వేసింది. చూద్దును కదా, అల్మారా పైన సీసా లేదు. కవర్లు, రబ్బరు బ్యాండ్లు బల్ల మీద పడున్నాయి.

"ఇది రాజీది కదా ఆంటీ?"

"తినమ్మా."

అంతే. నా కళ్ళ నీళ్ళు కారానికి అనుకున్నట్టు మంచినీళ్ళ గ్లాసు దగ్గరికి జరిపింది. నేనూ కారానికే అన్నట్టు తాగాను. ఇద్దరం ఎంత బాగా నటిస్తున్నామో! ఆవిడకు తెలుసని నాకు తెలుసు. నాకు తెలుసని ఆవిడకు తెలుసు. మధ్యలో రాజీ ఒక్కతే ఇంకా సీరియస్‌గా ఉంది.

నేను అబద్ధం ఆడి ఆవిడ ఏడుపు కూడా లాక్కున్నాను. నోరారా ఏడవాలంటే నేను ముందు చెప్పాలి కదా.

మార్చి 6, శనివారం

కుసు దీవికి క్లాసు. మానేద్దామనుకున్నాను, ఆంటీ పొమ్మంది. "ఎల్లమ్మా, గాలి తగుల్తాది." నేను బయటికి పోతే ఏడుద్దామనేమో. ఆ ఆలోచనతోనే వెళ్ళాను.

బోటులో టీచర్ పక్కన కూర్చున్నాను. నేనుండే ఇంటావిడ కూతురు చనిపోయింది అన్నాను. ఆవిడకు నేను చెప్పలేదు అన్నాను. ఇటాలియన్‌లో. తడుముకోకుండా వచ్చేసింది. తెలుగులో ఇన్ని రోజులుగా నోరు దాటని మాట ఆ భాషలో ఎండగా ఉంది అన్నంత తేలిగ్గా వచ్చింది.

టీచర్‌కు కోపం వచ్చింది. "ఆమె తల్లి. ఆమెకు చెప్పకుండా ఆపడానికి నువ్వెవరు?"

మా వాళ్ళు అలా చెప్పరు అన్నాను. ఎలా చెబుతారు మరి అంది. నిజంగానే నాకు తెలియదు... మావాళ్ళెవరైనా ఎప్పుడైనా చెప్పడం నేను చూస్తే కదా.

మెయ్ లింగ్ అంతా వింటూ ఉంది. తిరుగు బోటులో నా పక్కకు వచ్చి, షరతూ గిరతూ మరిచిపోయి ఇంగ్లీషులో అంది — ముందు ఆంటీని తిననివ్వు, తర్వాత చెప్పు.

వాళ్ళదీ అదే పద్ధతి! నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. పాట పాడమని టీచర్ అడగలేదు.

మార్చి 7, ఆదివారం

పొద్దున్నే అనుకున్నాను, భోజనాలు కాగానే చెప్పేయాలని. ఆంటీ వండలేదు. ఆకలి లేదంది. భోజనమే లేకపోతే భోజనం తర్వాత ఎక్కడిది?

నాలుగు కావస్తోంది. ఆంటీ లేచి ముఖం కడుక్కుంది. తల దువ్వుకుంది. పౌడరు డబ్బా తీసి, మూత పెట్టేసింది. వచ్చి ఫోన్ పక్కన కూర్చుంది.

వద్దు ఆంటీ, ఇవాళ మోగదు... అందామనుకున్నాను. మోగింది.

ఆవిడ ఎత్తలేదు. నా వైపు జరిపింది. "నువ్వు తియ్యమ్మా."

అత్తగారే. హలో అన్నాక ఇంకేమీ లేదు, ఊపిరి ఒక్కటే వినబడుతోంది. ఏం చెప్పాలని చేసిందో ఆవిడకూ తెలిసినట్టు లేదు. ఆదివారం నాలుగైతే ఈ నంబరు తిప్పడం ఆ ఇంటి అలవాటు.

"ఏం అడగమంటారు ఆంటీ?"

రాజీకి ఎలా ఉందని అడగమంటుంది, ఈసారి చెప్పేస్తాను, ఏమైనా సరే.

ఆంటీ కొంగు నడుముకు బిగించుకుంది. "ఆవిడ మకాన్ అయిందేటో అడుగమ్మా."

రాజీ పేరు ఎత్తలేదు.

అడిగాను. మీరు భోజనం చేశారా? క్లాసులో లక్షసార్లు అన్న వాక్యం. అవతల ఊపిరి ఆగింది. తర్వాత జవాబొచ్చింది. లేదమ్మా, బుధవారం నుంచి ఏమీ దిగడం లేదు. ఆమె తిన్నారా?

ఆంటీ నా నోటి వైపే చూస్తోంది.

"తినలేదట ఆంటీ. బుధవారం నుంచి. మీరు తిన్నారా అంటోంది."

బుధవారం అనేశాను.

ఆంటీ చెయ్యి చాపింది. రిసీవర్ ఇచ్చాను. చెవికి ఆనించుకుని, "నాను ఇక్కడే ఉన్నానమ్మా" అంది తెలుగులో. ఆవిడ అక్కడి నుంచి ఏదో అంది. ఆంటీ ఊఁ అంది. మళ్ళీ ఏదో అంది. ఊఁ. తర్వాత ఆంటీ గొంతు పగిలింది. పెద్దగా, నోరారా. అక్కడి నుంచి కూడా.

నన్ను తర్జుమా చెయ్యమని ఎవరూ అడగలేదు.

వంటింట్లో గట్టు మీద కూర్చుని రాస్తున్నాను. అన్నం పొయ్యి మీద పెట్టాను, ఇద్దరికీ సరిపడా. ఉడికింది, వార్చాను కూడా. ఆంటీ ఇంకా ఫోన్ పెట్టలేదు.