నాన్న పేరున వచ్చిన అనుమతి

నిబంధనల కంప్యూటరీకరణ విభాగపు అధికారి గారి సముఖమునకు,
విశ్వవిద్యాలయ ప్రాంగణం, హైదరాబాదు.

అయ్యా,

విషయం: బాలికల వసతిగృహం గేటు యంత్రంలోని అనుమతి నిబంధనలను సవరించుట, నా తండ్రి పేరున నమోదైన అనుమతిని కొట్టివేయుట గురించి.

నేను ఇక్కడ ఎం.సి.ఎ. రెండో సంవత్సరం చదువుతున్నాను. నా తండ్రి సత్తయ్య గారు గత నెల తార్నాకలోని ఒక ఆసుపత్రిలో గుండెపోటుతో మరణించారు. ఆనాడు జరిగినది తమకు మనవి చేసుకుంటున్నాను.

1. ఉదయం ఆయనను ఆసుపత్రిలో చేర్చినప్పుడు, నాకు పరీక్ష ఉన్నదని అమ్మ సంగతి దాచింది. సాయంత్రం చిన్నాయన దిలీప్ ఫోను చేసి, "మీ నాయిన పోయిండు బిడ్డా. అంబులెన్స్‌ల ఊరికి తీస్కపోతున్నం. నీ కోసం మీ హాస్టల్ కాడి చౌరస్తల ఆగినం, జల్ది రా" అన్నాడు.

2. అప్పటికే ఆరు దాటింది. ఆరు దాటితే, తండ్రి ఫోనుకు వెళ్ళిన అభ్యర్థనను ఆయన ఒప్పుకుంటేనే గేటు తెరుచుకోవాలని నిబంధన. కాపలా ఉన్న బాలలక్ష్మి గారు, "నా చేతిల ఏం లేదమ్మా, గీ మిషిన్ పచ్చగైతేనే గేటు తెరుసుకుంటది" అని ఏడ్చారు. వార్డెన్ గారికి ఫోను చేశాను.

"మీ ఫాదర్‌తో ఒక్కసారి ఓకే చేయించమ్మా, అంతే" అన్నారు.

"చనిపోయింది ఆయనే మేడమ్."

 "సిస్టంలో ఆ ఆప్షన్ లేదమ్మా. నేను మాత్రం ఏం చేయను?" అన్నారు.

3. చిన్నాయనకు ఫోను చేసి సంగతి చెప్పాను. చౌరస్తాలో పోలీసులు అంబులెన్సును కదలమంటున్నారు. నాన్న ఫోను అమ్మ దగ్గరే ఉంది గానీ, అది ఆయన వేలిముద్రకు తప్ప తెరుచుకోదు. "ఏం జేద్దాం వదినా?" అని చిన్నాయన అడగడం నాకు ఫోనులో వినిపించింది. అమ్మ జవాబు వినపడలేదు. ఆమె తెల్లగుడ్డ తొలగించి, నాన్న బొటనవేలిని కొంగుతో తుడిచి, ఫోను మీద అదిమిందని చిన్నాయన తర్వాత చెప్పాడు. మొదటిసారి తెరుచుకోలేదట. అమ్మ మళ్ళీ అదిమింది; తెరుచుకోగానే చిన్నాయన నా అభ్యర్థనను ఒప్పుకుంటూ నొక్కాడు. గేటు దగ్గర పచ్చదీపం వెలిగింది. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళి నాన్న పక్కన కూర్చున్నాను.

4. తమ రికార్డులో ఇప్పటికీ "అనుమతించినవారు: సత్తయ్య, తండ్రి" అని ఉన్నది. సంరక్షకురాలిగా అమ్మ పేరు రాయమని కోరితే, ఆ మార్పుకూ నాన్న ఒప్పుకోవాలని ఆయన నంబరుకే సందేశం వెళ్ళింది.

5. అయ్యా, నిర్ణయాలను పట్టికగా రాయడం మాకు పాఠమే. ఏ పరిస్థితికి ఏ నిర్ణయమో వరుసలుగా రాసి, అడుగున "పైవేవీ కానప్పుడు" అనే వరుస ఉంచి, అక్కడ నిర్ణయం ఒక మనిషికి వదలాలి. ఆ రోజు పరీక్షలో నేను రాసింది కూడా ఇదే. తమ పట్టికలో ఆ వరుస లేదు. తండ్రులు చచ్చిపోతారండీ. ఆ మాట రాయాలని ఒక్కరికీ తోచలేదా?

కావున ఆ వరుస చేర్చి, గేటు తాళంచెవి ఒకటి బాలలక్ష్మి గారి చేతికి ఇప్పించి, నాన్న ఇవ్వని అనుమతిని ఆయన పేరు నుంచి కొట్టివేసి, మా అమ్మ కాశమ్మ పేరు నమోదు చేయించవలెనని వేడుకుంటున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
భూమిక

తా.క.: అమ్మ పేరు ఎక్కించేటప్పుడు నంబరు మాత్రం పక్కింటి స్వర్ణక్కది వేయండి. ఆనాటి నుంచి అమ్మ ఏ ఫోనూ చేత్తో ముట్టడం లేదు. నేను చేస్తే స్వర్ణక్కే తీసి ఆమె చెవి దగ్గర పట్టుకుంటుంది. "తిన్నవా బిడ్డా" అని అడిగి, అమ్మ అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతుంది.