కాస్టిక్ పంపు మీద పసుపు

సెప్టెంబర్ 24, బుధవారం

మూడో నంబర్ పంపు కింద మళ్లీ తడి. మా అద్దకం యూనిట్‌కి కాస్టిక్ సోడా ద్రావణం పంపేది ఇదే. గాలి కొడితే లోపలి రబ్బరు పొర అటూ ఇటూ ఊగి కాస్టిక్‌ని తోస్తుంది. ఆ పొర గడువు దాటి రెండు నెలలైంది. మెషిన్ల రిపేర్లు చూసేది నేనే కనుక మేనేజర్ రమాకాంత్ సార్‌కి మూడోసారి చెప్పాను. స్పేర్‌కి ఆర్డర్ పెట్టిన కదమ్మా, దసరా పోనీ అన్నాడు. ఆయనకు దసరా అడ్డం. కాస్టిక్‌కి ఏ పండుగ? ఒంటి మీద పడితే ముందు జారుడుగా ఉంటుంది, మంట తర్వాత తెలుస్తుంది. కంట్లో పడితే... రాయను.

సెప్టెంబర్ 27

కలలో కూడా ఆ పంపు బోల్టులే.

సెప్టెంబర్ 29

పంపు బోల్టులు పట్టి చూశాను. రెండు లూజు. ప్లాస్టిక్ బాడీ కదా, వేడెక్కి చల్లారి పట్టు వదిలేస్తాయి. రన్నింగ్‌లో బిగించకూడదు. ఆపితే బ్యాచ్ పాడవుతుంది. ఒకటో తారీఖు పూజకి ఎలాగూ ఆపుతారు, అప్పుడు బిగిస్తాను.

పంపు నడిపే యాకయ్య కాకకి ఈ సంగతి చెప్పాను. గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తుకుని నవ్వాడు. పద్దెనిమిదేండ్ల సంది నడుపుతాన, నీకెందుకు బిడ్డా గంత ఫికర్ అన్నాడు. ఒళ్లు మండింది. ఆయన గాగుల్స్ దించేదాకా అక్కణ్ణుంచి కదల్లేదు.

అక్టోబర్ 1

ఆయుధపూజ. నేను వెళ్లేసరికే స్పానర్లన్నీ అమ్మవారి పటం ముందు పేర్చేశారు. ఒక్కటి ఇవ్వమన్నాను. అందరూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. పూజల పెట్టినయి ఎల్లుండి దాక ముట్టొద్దు బిడ్డా, మంచిది కాదు అని కాకే అన్నాడు. వాదించలేదు. నిజం చెప్పాలంటే నాకూ చేయి రాలేదు. కాక పంపుకి ఒళ్లంతా పసుపు పూసి, పైన మూడు కుంకుమ బొట్లు పెట్టాడు.

అక్టోబర్ 3, సాయంత్రం 6, దవాఖాన

పొద్దున నేను స్పానర్ తీసుకునేలోపే సార్ పంపు స్టార్ట్ చేయించాడు. ముందు బ్యాచ్ ఎక్కనీ, తర్వాత చూద్దాం అన్నాడు. తొమ్మిదిన్నరకి చూస్తే పంపు అడుగున ఎర్రగా ఉంది. కుంకుమ జారిందనుకున్నాను. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అదే అనుకున్నాను. మూడోసారికి ఆ ఎరుపు జానెడు పాకింది. పైన బొట్లు మాత్రం చెక్కుచెదరలేదు. అప్పుడు తట్టింది. దిష్టి తీయడానికి ఎర్రనీళ్లు ఎలా చేస్తాం? పసుపులో సున్నం కలిపి. కాస్టిక్ తగిలినా పసుపు అలాగే ఎర్రబడుతుంది. లీకు!

ఆపండి అని అరిచి గాలి వాల్వ్ వైపు ఉరికాను. కాక అప్పటికే గుడ్డతో వంగాడు. అమ్మవారి బొట్టు కారుతాందని తుడవబోయాడట. నేను వాల్వ్ మూసేలోపే జాయింట్ నుంచి ఒక్క చిమ్ము. కుడికన్ను. గాగుల్స్ నుదుటి మీదే ఉన్నాయి.

నల్లా కింద తల పెట్టించి అరగంట నీళ్లు పోశాం. కాక నా చేయి వదల్లేదు. చూపు సంగతి వారం దాకా చెప్పలేనన్నాడు డాక్టర్. కాక భార్య చిలుకమ్మ నాకే టీ తెచ్చి ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 6

స్పేర్ పొరలు వచ్చేశాయి, రెండు సెట్లు! పంపు చుట్టూ అడ్డుకవర్, కింద ట్రే, ప్రతి సోమవారం పంపు ఆపి బోల్టుల చెక్. నేను రాసిచ్చిన కాగితం మీద సార్ నిలబడే సంతకం పెట్టాడు. ఇంత సులువా? ఆ కాగితం ఆయన మొహాన కొట్టాలనిపించింది. కానీ ముందు నన్ను నేను కొట్టుకోవాలి. ఒకటో తారీఖున ఒక్క స్పానర్ ఎత్తలేకపోయాను.

అక్టోబర్ 13

కాక కట్టు విప్పించుకుని యూనిట్‌కి వచ్చాడు. బాగున్న కన్ను అరచేత్తో మూసుకుని నా ఎదురుగా నిలబడ్డాడు. మంచిగనే కనవడుతాంది బిడ్డా, నీ పచ్చ చున్నీ సుత కనవడుతాంది, ఇగ ఏడ్వకు అన్నాడు.

నేను నీలం యూనిఫాం షర్టులో ఉన్నాను. చున్నీ లేదు.