పొట్టి గేరు, పెదనాయన ఒట్టు

ఒంటిమిట్ట దగ్గర నుంచి

ప్రభువునందు ప్రియమైన, నా విషయంలో మాత్రం ఇంకా క్షమాపణ బాకీ ఉన్న స్తుతికి, పెదనాన్న దావీదురాజు రాయునది.

నీతో మాట్లాడనని క్రిస్మస్ నాడు ఒట్టు పెట్టుకున్నాను. రాయనని పెట్టుకోలేదు. ముప్పై ఏళ్లు బస్సు తోలినవాణ్ని పట్టుకుని చుట్టాలందరి ముందూ, "పెదనాయనా, గేరు మారుస్తాండావా, బర్రెను తోల్తాండావా?" అన్నావు. ఆ మాట నాకింకా అరగలేదు.

విషయానికొస్తే, మా షెడ్డులో ఉన్న మీ నాన్న పాత స్పోర్ట్స్ కారుకు నువ్వు తెప్పించిన కొత్త గేరు కడ్డీ పార్సిల్ వచ్చింది. కొత్త వస్తువేదైనా ప్రార్థన చేయించందే వాడము కదా, ఆదివారం చర్చికి తీసుకుపోయాను. పెట్టె విప్పితే కడ్డీ జానెడే ఉంది. పాతది దానికి రెండింతలు. సంఘమంతా చూసింది. "బిడ్డను మోసం చేసినారు గదప్పా" అని రెజీనమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ కడ్డీ పెరగాలని మోకాళ్ల మీద ప్రార్థన కూడా చేసింది.

మరుసటి రోజే ఫలితం కనబడింది. వెల్డింగ్ ఓబుళేశు ఇంకో జానెడు ఇనుము అతికించి కారుకు బిగించాడు. గలగలమనకుండా పైన నేనే సైకిల్ ట్యూబు చుట్టాను.

ఇట్లు, నీ మేలు కోరే, నీతో మాట్లాడని పెదనాన్న.

తా.క. నా ఎడమ భుజం పట్టేసి శానా దినాలాయె. చొక్కా మీ పెద్దమ్మే తొడుగుతాది. స్టీరింగు ముందు కూర్చునేదే మానేసినా. బర్రెకు విశ్రాంతి దొరికిందిలే.

---

కల్లూరు, కర్నూలు

నోరు కట్టేసుకున్నా చేతులు కట్టేసుకోని పెదనాన్నకు, స్తుతి వందనాలు.

ఆ కడ్డీ పొట్టిగా ఉండాలనే వెతికి వెతికి తెప్పించాను. నన్నెవరూ మోసం చేయలేదు. చేసింది నువ్వూ ఓబుళేశన్నా.

పాత కడ్డీతో మూడో గేరు వేయాలంటే చెయ్యి డాష్‌బోర్డు దాకా చాపాలి. చాపినా పడిందో లేదో తెలియదు, సంగటి గెలికినట్టు ఉంటుంది. పొట్టి కడ్డీ అయితే మోచెయ్యి కదలక్కర్లేదు, మణికట్టు తిప్పితే బీరువా గడియలాగా టక్కుమని పడుతుంది. ఆ టక్కు చేతికి తెలియాలనే నా తపనంతా. నువ్వేమో దాన్ని పొడుగు చేసి, పైగా ట్యూబు చుట్టావు. ఇక చేతికి తెలిసేది ట్యూబే.

ఆ అతుకు కోయించు. కోయించాక దానికోసం ఎవరూ ప్రార్థన చేయొద్దు.

ఇట్లు, తగ్గేది లేని స్తుతి.

తా.క. భుజం సంగతి నాకెవరూ చెప్పలేదు. నొప్పి నూనె పంపుతున్నాను. అది భుజానికి. గేరుకు కాదు.

---

ఒంటిమిట్ట దగ్గర నుంచి

పెద్దల మాట చెవిన పెట్టని స్తుతికి, అయినా ఆశీర్వాదాలు.

సంఘమంతా ప్రార్థించి పెంచినదాన్ని కోయమంటావా? నేను కోయించను. రెజీనమ్మ ఈ సాక్ష్యం మూడు ఊళ్లలో చెప్పింది. ఇప్పుడు కోస్తే ఆమె ముఖం ఎక్కడ పెట్టుకోవాలి?

ఇంకో మాట. కారు మీ నాన్న యేసుప్రసాద్ కొన్నదే అయినా కాగితాలు నా పేరిట ఉన్నాయి. ప్రొద్దుటూరు వీరభద్ర దాన్ని అడుగుతున్నాడు. పెళ్లికొడుకులను అందులో కూర్చోబెట్టి ఫోటోలు తీయిస్తాడట. ఈస్టరుకు ముందొచ్చే మట్టలాదివారం నాడు వస్తాడు. ఆలోపల మూడో గేరు నాకు నచ్చేలా పడితే కారు నీది. లేదంటే ఆయనది. తోలలేనివాడి కళ్ల ముందు రోజూ ఆ కారు నిలబడి ఉండటం నాకిష్టం లేదు.

ఇట్లు, మాట మీద నిలబడే దావీదురాజు.

తా.క. నీ నూనె భుజానికి పని చేయల్యా. మిగిలింది గేరుకు పోసినా. దానికీ పని చేయల్యా. షెడ్డంతా కర్పూరం వాసన, పిల్లి కూడా రాదు.

---

కల్లూరు

కాగితాలు మాత్రమే తన పేరిట ఉన్న పెదనాన్నకు, వందనాలు.

పోయిన ఆదివారం నువ్వు చర్చిలో ఉండగా నేను మీ షెడ్డులో ఉన్నాను. మీ పాస్టరుగారి ప్రసంగం పొడుగు నాకు కలిసొచ్చింది. అతుకు రంపంతో కోసేశాను. ట్యూబు విప్పి పారేశాను. అడుగున అరిగిన రబ్బరు తీసేసి, కడ్డీ ఊగకుండా ఇత్తడి బుష్షులు వేశాను. మా వర్క్‌షాపు లేతు మిషను మీద నేనే తిప్పిన బరువైన గుండు పైన బిగించాను, ఆ బరువే గేరును లోపలికి లాగేస్తుంది.

మా నాన్న చెయ్యి పట్టిన స్టీరింగు మీద ఎవరో పెళ్లికొడుకు చెయ్యి వేసి పళ్లికిలిస్తే నేను ఊరుకోను. షెడ్డు వాకిట్లో నిలబడి తీర్పు చెప్పడం కాదు. కూర్చుని, తోలి, అప్పుడు చెప్పు. భుజం సాకు వద్దు. ఆ కడ్డీకి భుజంతో పనే లేదు.

ఇట్లు, యేసుప్రసాద్ కూతురు.

తా.క. షెడ్డు తాళం ఇచ్చింది పెద్దమ్మే. ఉగ్గాని కూడా పెట్టింది. ఆమెను ఏమీ అనొద్దు, చొక్కా తొడిగేవాళ్లు ఉండరు.

---

మట్టలాదివారం, నంద్యాల దాటాక ఒక టీ కొట్టు

నా తమ్ముడి బిడ్డ స్తుతికి,

పొద్దున వీరభద్ర వచ్చాడు. "గేరు యాడ పడుతుందప్పా, చూపించు" అన్నాడు. పడదని చూపించి నీ పొగరు దించుదామని ఎక్కాను. మోచెయ్యి పక్కటెముకలకు ఆనుకునే ఉంది. మణికట్టు తిప్పాను. టక్కుమని పడింది. భుజానికి ఆ సంగతే తెలియలేదు.

ఇక ఆపబుద్ధి కాలేదు. పక్క సీట్లో వీరభద్ర "దించప్పా, దించప్పా" అంటూనే ఉన్నాడు, మైదుకూరులో దించేశాను. అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు బస్సులున్నాయి. ఆయన దిగిపోయాక ఏడ్చాను. మళ్లీ బండి తోలుతానని అనుకోలేదు స్తుతీ. మీ నాన్న ఉండి ఉంటే చూసి నవ్వేవాడు.

కారు వీరభద్రకివ్వను. గేరు నచ్చితే నీదేనన్నాను. నచ్చింది. అయినా నీకూ ఇవ్వను. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో.

ఇట్లు, మాట మీద నిలబడని డ్రైవరు దావీదురాజు.

తా.క. మూడో గేరు బాగుండాది. నాలుగోది ఇంకొంచెం బిగువు ఉండాల. ఆ పని నీదే.

ఇంకో తా.క. కడ్డీ ఎట్ల తగ్గిందని సంఘం అడిగితే, రెజీనమ్మ ఇంకోసారి ప్రార్థన చేసిందని చెప్తా.

ఆఖరి తా.క. ఈ ఉత్తరానికి స్టాంపు లేదు. మీ గేటు సందులోంచి నేనే వేసినా. బయట హారన్ కొడతాండేది కూడా నేనే. ఒట్టు ఒట్టే, మాట్లాడను. వచ్చి ఎక్కు.