బెంచి మీద చోటు

ప్రియమైన బావకి,

ఇక్కడ అత్తా నేనూ క్షేమం. అక్కడ నువ్వూ, నువ్వు నాకంటే ఎక్కువగా కనిపెట్టుకుని ఉండే ఆ ఓడ ఇంజనూ క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం శనివారం అందింది. అందులో సగం ఇంజను గురించి, కొంత మీ ఓడలో వంటాయన గురించి, చివర్లో ఇరికించి మూడు ప్రశ్నలు. ఇదంతా ఫోనులో మాట్లాడుకోవచ్చు కదా అంటావు. ఫోనులో అయితే నేను నాలుగు మాటలు అనేలోపు నువ్వు హలో హలో, వినపడట్లేదు అంటావు. నీకు నచ్చని మాటైతే అసలే వినపడదు. అందుకే కాగితం తీశాను.

మొదటి ప్రశ్న అత్త మోకాలి గురించి. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు. మా ఇల్లే రెండో అంతస్తు కదయ్యా అని అత్త అంటే ఆయన నవ్వి ఊరుకున్నాడట. "నవ్వితే మోకాలు తగ్గుతుందా?" అని ఆవిడ ఇప్పటికీ సణుగుతోంది. నొప్పి తగ్గింది, సణుగుడు తగ్గలేదు. నువ్వు బెంగపడాల్సిందేమీ లేదు.

రెండోది, మా కంపెనీ షేర్లు చేతికొస్తే మనం ధనవంతులమైపోయినట్టేనా అని అడిగావు. దీనికి జవాబు పెద్దది. మూడోది, నీ కోర్సు ఫీజు నేను కట్టేశానా అని. వచ్చే రేవులో ఓడ దిగి, ఇంటికొచ్చి, ఆ కోర్సు చదివి పరీక్ష రాయాలని రెండేళ్లుగా కలలు కంటున్నావని నాకు తెలుసు. దాని సంగతి చివర్లో చెప్తాను. నీ బుద్ధి ఎరిగినదాన్ని గనక ముందే చెప్తున్నాను, పేజీలు తిప్పేసి అక్కడికి దూకకు.

షేర్ల సంగతి మొదట్నుంచీ చెప్తాను. స్టేషన్లకీ ఆసుపత్రులకీ మా బెంచీలు బాగానే పోతున్నా, మూడేళ్ల కిందట కంపెనీ జీతాలు పెంచలేకపోయింది. పెంపు బదులు అందరికీ షేర్లు రాసిచ్చారు, మరుసటి ఏడాది ఇంకొన్ని. కింది హాల్లో చెక్క చిత్రిక పట్టేవాళ్ల దగ్గర్నుంచి పై అంతస్తులో మా దాకా, ఎవరి స్థాయిని బట్టి వాళ్లకి. మూడేళ్లు మానకుండా పనిచేస్తేనే అవి మనవవుతాయి. మొదటి విడతకి ఆ గడువు వచ్చే నెలతో నిండుతుంది. అయితే వాటిని అమ్ముకోవడానికి బజారంటూ లేదు. కంపెనీ మార్కెట్లోకి వెళ్లిన రోజు వస్తే అప్పుడు చూసుకోవాలి, అందాకా బీరువాలో కాగితాలే.

పన్ను మాత్రం అందాకా ఆగదు. షేరు మనదైన రోజున దాని విలువ ఇంత అని బయటి నుంచి ఒక నిపుణుడు ధర కడతాడు. అంత సొమ్మూ మనకి జీతంగా అందినట్టే లెక్క. ఆ నెలలోనే పన్ను, అదీ రొక్కంగా. ఇదంతా అత్తకి చెబితే ఆవిడ కళ్లజోడు తీసి నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్ముకోవడానికి వీల్లేని దానికి పన్నేంటే?"

"జీతం బదులు ఇచ్చారు కదత్తా. జీతానికి పన్ను ఉన్నట్టే దీనికీ."

"జీతమైతే సరుకులొస్తాయి. దీంతో ఏమొస్తుంది?"

అయినా బావా, నాకు పన్ను మీద కోపం లేదు. పని చేసినందుకు ఇచ్చిందేదైనా జీతంలాంటిదే, కట్టాల్సిందే. నాకు ఒళ్లు మండింది ఇంకో చోట.

జీతాల లెక్క చేసేది నేనే కదా. ఈ పన్ను ఎలా వసూలు చేయాలో పైనుంచి నాకు కాగితం వచ్చింది. పై అంతస్తువాళ్లకి ఒక పద్ధతి. వాళ్ల షేర్లలో కొన్ని కంపెనీయే వెనక్కి తీసుకుని, వాటి బదులు పన్ను తన రొక్కంతో కట్టేస్తుంది. జీతంలోంచి పైసా పోదు. కింది హాలువాళ్లకి వేరే పద్ధతి. షేర్లన్నీ వాళ్లకే ఇచ్చి, పన్ను మొత్తం ఆ నెల జీతంలో కోస్తారు. వినడానికి హాలువాళ్లకే ఎక్కువ ఇచ్చినట్టుంటుంది, జీతం చీటీ చూస్తే తెలుస్తుంది అసలు సంగతి. నా బల్ల పై అంతస్తులో ఉంది గనక నా పేరు కూడా సుఖంగా పై లెక్కలోకి చేరిపోయింది.

కోత ఎంత ఉంటుందో ముందుగా తెలియాలని హాలువాళ్లకి అంచనా చీటీలు పంచాను. మర్నాడు వార్నిష్ వదిన నా బల్ల దగ్గరికొచ్చింది. వార్నిష్ సెక్షను ఆవిడ, నీకు తెలుసు, అందరికీ వదినే.

"మేడం, ఎవరి చీటీయో నాకొచ్చింది" అంది.

"నీదే వదినా."

"నాదైతే జీతం ఏదీ?"

చూపించాను. కోత పోను మిగిలింది ఇంటి అద్దెకి కూడా చాలదు. ఆవిడ చీటీని నాలుగు మడతలు పెట్టింది. "ఈ షేర్లు మాకొద్దని రాసిస్తే కోత ఉండదు కదా?" అని అడిగింది. ఉండదన్నాను. "అయితే రాసిస్తాం. మా సెక్షనులో నలుగురం మాట్లాడుకున్నాం. పిల్లల స్కూలు ఫీజులు ఈ నెల్లోనే" అంది.

అది మూడేళ్ల పెంపు బావా. వద్దని రాసిస్తే ఆ మూడేళ్లూ ఊరికే చాకిరీ చేసినట్టు. ఎవరూ బలవంతం చేయలేదు, వాళ్లే వదులుకున్నారు అని రేపు పైవాళ్లు చెప్పుకుంటారు కూడా. ఇంకో వారం ఆగమని వదినని బతిమాలి, సరాసరి లెక్కల మేనేజరు దగ్గరికి వెళ్లాను. ఆయన చెడ్డవాడు కాదు. నెత్తీ నోరూ బాదుకుంటే వింటాడు.

"రొక్కం ఉంటే అందరికీ ఒకటే పద్ధతి పెట్టేవాణ్ని. పన్నులకని పక్కన పెట్టింది పై అంతస్తుకే సరిపోయింది" అన్నాడు.

"అయితే ముందు హాలుకి వాడండి. మిగిలితే పైకి."

"అప్పుడు మీ జీతం కూడా పోతుంది, ఆలోచించుకున్నారా?" అన్నాడు. ఆలోచించుకోలేదు. అయినా వెనక్కి తగ్గాలనిపించక పెద్దాయన్ని వెతుక్కుంటూ కిందికి దిగాను.

పెద్దాయన అంటే కంపెనీ పెట్టిన మనిషే. వడ్రంగం నుంచి వచ్చాడు, ఇప్పటికీ చెవి మీద పెన్సిల్ ఉంటుంది. మా హాల్లో ఆయన పెట్టిన రూలు నువ్వు చూశావు కదా. ఏ బెంచీ అయినా బయటికి పోయేముందు దాన్ని చేసినవాళ్లే దాని మీద కూర్చోవాలి. ఐదుగురు పట్టే బెంచీ అయితే ఐదుగురూ, భుజాలు రాసుకుంటూ. ఇసక మూటలు పెట్టి సరిపెట్టడాలు ఆయన దగ్గర కుదరవు. పోయినసారి సెలవులో నువ్వు నా కోసం వచ్చినప్పుడు మనిషి తక్కువైందని నిన్నూ లాగి కూర్చోబెట్టారు. ఈ పూటకి జీతమిస్తారా అని నువ్వు అడిగితే హాలంతా నవ్వారు.

నేను వెళ్లేసరికి ఆయన ఒక ఆసుపత్రి బెంచీ కాళ్లు చూస్తున్నాడు. ఉన్నదంతా ఏకరువు పెట్టాను. చివర్లో కొంచెం గొంతు పెరిగింది కూడా. "ఈ పద్ధతి పైన కూర్చుని చేశారండీ, కూర్చోబెడుతున్నది హాలువాళ్లని. చేసినవాళ్లు కూర్చోకుండా ఏదీ బయటికి పోకూడదని రూలు పెట్టింది మీరే కదా" అన్నాను.

ఆయన బెంచీ కాలు తట్టి చూశాడు. తర్వాత తలెత్తి అడిగాడు.

"నువ్వు కూర్చుని చూశావా అమ్మా?"

"లేదండీ" అన్నాను.

"మరి కూర్చోకుండా ఇది గుచ్చుకుంటోందని ఎట్లా చెప్తున్నావ్?" అని మళ్లీ బెంచీ వైపు తిరిగాడు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మెట్లెక్కుతూ మనసులో ఆయన్ని నానా మాటలూ అన్నాను. బల్ల దగ్గర కూర్చున్నాక మాత్రం కోపం ఆయన మీద కాదని తెలిసింది. న్యాయం గురించి అంతసేపు మాట్లాడిన నేను, నా పేరు ఏ లెక్కలో ఉందో ఒక్కసారి కూడా అనలేదు. లెక్క వేసి చూశాను. నా పన్నుకని కంపెనీ పక్కన పెట్టిన రొక్కంతో వార్నిష్ సెక్షను నలుగురి పన్నూ తీరిపోతుంది. నా పేరు కింది పద్ధతిలోకి మార్చాను, వాళ్ల నాలుగు పేర్లూ పైకి ఎక్కించాను. మేనేజరు సంతకం పెడుతూ "మళ్లీ అడుగుతున్నాను, ఖాయమేనా?" అన్నాడు. ఖాయమే అన్నాను.

ఇక నీ మూడో ప్రశ్న. ఫీజు కట్టలేదు బావా. కట్టలేను. వచ్చే నెల నా జీతంలోంచి పన్ను పోతే మిగిలేది అద్దెకీ అత్త మందులకీ సరిపోతుంది, అంతే. ఈ బ్యాచి పోతుంది. మళ్లీ బ్యాచి ఆరు నెలలకి. ఆ ఆరు నెలలు కూడా నా ఒక్కదాని జీతంతో గడవదు గనక నువ్వు రేవులో దిగకుండా ఇంకో ట్రిప్పుకి ఒప్పుకోవాలి.

నిన్ను అడగకుండా చేశాను. తీరిక లేక కాదు, అడిగితే వద్దంటావని భయపడ్డాను. వద్దంటే నేను మానేసేదాన్నేమో, మానేశాక వార్నిష్ వదిన మొహం చూడలేకపోయేదాన్ని. నీ రాక కోసం నువ్వొక్కడివే ఎదురుచూస్తున్నావనుకోకు. నీ వైపు అలమర నెల కిందటే ఖాళీ చేసి తుడిచి పెట్టాను. ఈ ఉత్తరం మొదలుపెట్టే ముందు దాని తలుపు తీసి చూసి, కాసేపు ఏడ్చాను. ఏడ్చినా మనసు మారలేదు, అది కూడా నీకు తెలియాలి.

అత్తకి చెప్పాను. "వాడు అరుస్తాడు" అంది. అరుస్తాడత్తా అన్నాను. "అరవనీ. సముద్రం మీద ఎవరికి వినపడుతుంది?" అంది. తర్వాత మొహం అటు తిప్పుకుని కళ్లు తుడుచుకుంది. ఆవిడకీ నువ్వు కావాలి కదా.

మిగతాది విను. పేరు మార్చిన మర్నాడు మళ్లీ హాల్లోకి వెళ్లాను. ఆసుపత్రి బెంచీ పూర్తయి, పరీక్షకి సిద్ధంగా ఉంది. పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరూ రమ్మనకుండానే వెళ్లి దాని మీద కూర్చున్నాను.

"కూర్చున్నానండీ" అన్నాను.

"ఎట్లా ఉంది?"

"గుచ్చుకుంటోంది. ఇప్పుడు చెప్పొచ్చా?"

ఆయన నవ్వలేదు. వార్నిష్ వదినా, మిగతావాళ్లూ పని ఆపి చూస్తున్నారు. ఆయన చెవి మీది పెన్సిల్ తీసి జేబులో పెట్టుకుని దగ్గరికొచ్చాడు.

"కాస్త జరుగమ్మా" అన్నాడు.

జరిగాను. పక్కన కూర్చుని, "నా పేరు కూడా కింద రాసుకో" అన్నాడు. బావా, పన్నుల కోసం పెట్టిన రొక్కంలో అన్నిటికంటే పెద్ద భాగం ఆయనదే. ఆయన పన్ను జీతంలో కోస్తే జీతం మొత్తం పోయినా తీరదు, మిగిలింది జేబులోంచి కట్టాలి. "కారు అమ్ముకుంటాను, అది నా మాట వినడం మానేసి చాలా రోజులైంది" అన్నాడు. సాయంత్రం ఈ మాట చెబితే లెక్కల మేనేజరు నీళ్లు తాగి మళ్లీ చెప్పమన్నాడు.

అంతటితో అయిపోలేదు. ఆయనదీ నాదీ కలిపినా హాల్లో పెయింటువాళ్లూ వెల్డింగువాళ్లూ ఇంకా కోతలోనే ఉన్నారు. పై అంతస్తులో ఒక్కొక్కరి బల్ల దగ్గరికీ వెళ్తున్నాను. నన్ను చూడగానే ఇద్దరు ఫోను చెవిన పెట్టుకుంటున్నారు. డ్రాయింగులు గీసే ఆయన వాళ్లావిడని అడిగి చెప్తానన్నాడు. ఆవిడ నంబరు తీసుకున్నాను, రేపు నేనే ఫోను చేస్తాను. గడువులోపు హాలు మొత్తాన్నీ పై లెక్కలోకి ఎక్కిస్తాను. ఎక్కించలేకపోతే వచ్చే ఏడాది షేర్లకి ఇప్పట్నుంచే మొదలుపెడతాను.

నీకు కోపం వస్తే రాయి. రెండు పేజీలు రాయి, నాలుగు రాయి, అన్నీ చదువుతాను. పేరు తీసేయమని మాత్రం రాయకు. తీయను. ఆ రోజు హాల్లో నిన్ను లాగితే ఎందుకని కూడా అడక్కుండా వచ్చి కూర్చున్నావు. ఈసారి బెంచీ ఏదో, ఎంతసేపో నీకు చెప్పకుండానే కూర్చోబెట్టాను. దానికి మాత్రం క్షమించు. ఆరు నెలలు గట్టిగానే ఉంటుంది, గుచ్చుకుంటుంది కూడా. నేను కాస్త జరిగి కూర్చున్నాను బావా, నీ చోటు నా పక్కనే.

ఇట్లు,
నిన్ను అడగకుండా నీ ఆరు నెలలు తీసుకున్న,
నీ మరదలు