చూడని రోపుకి సంతకం

దానియేలు బావా,

క్రేన్ రోపు కళ్లారా చూడకుండా తనిఖీ పుస్తకంలో సంతకం పెట్టకూడదని చర్చిలో మోకాళ్ల మీద మాటిచ్చుకున్నాం. నేను తప్పాను. ఫోర్‌మన్ తొందరపెడితే, షిఫ్టు ప్రార్థనకి జోడించిన చేత్తోనే "రోపు బాగుంది" అని రాశాను. అది తెగి, బరువు నీ మీద పడింది.

ఇప్పుడు పోర్టులో ఆ పుస్తకం మీ అమ్మాయి మేరీ చేతికొచ్చింది. చూడందే సంతకం పెట్టనందని రేపు ఆఫీసరు పిలిచాడట.

"మీ యేసు జీతమిత్తాడేటి అని ఎక్కిరిత్తన్నారు మావయ్యా. నాన్న ఎలా పోయాడో రేపు ఆఫీసరు ముందు నువ్వు సెప్పు, సాలు," అంది.

వస్తానన్నాను. ఆ రోజు నేనేం రాశానో ఆ పిల్లకి తెలీదు. ఇన్నేళ్లూ ఫోర్‌మన్‌నే తిట్టాను, మన పేట మల్కాపురమంతా నమ్మింది. రేపు మేరీ ముందు మాత్రం నా పేరే చెప్పాలి: ఆనందరావు.